మూడు వారాలు వచ్చి మానేశారు. చిన్న సంఘంలో కొత్తవాళ్లు ఎందుకు నిలవరు?

చిన్నమంద
మా సంఘంలో పిల్లలతో కలిపి నలభై అయిదు మందిమి. రెండు నెలల క్రితం ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప. వరుసగా మూడు ఆదివారాలు వచ్చారు, నాలుగో వారం నుంచి లేరు. ఏదో పని పడి ఉంటుందిలే అనుకున్నాం. మొన్న ఆయన ఒకచోట కనబడితే అడిగాను. చాలాసేపు మొహమాటపడి చివరికి చెప్పారు: "అందరూ నవ్వుతూనే పలకరించారండీ. కానీ మూడు వారాలూ అదే ప్రశ్న, 'ఎక్కడి నుంచి వచ్చారు' అని. మూడో వారం కూడా మేము కొత్తవాళ్లమే."

ఆ మూడోసారి అడిగింది నేనే అయ్యుంటాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

మేం ప్రేమ లేనివాళ్లం కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా వంతులేసుకుని ఆసుపత్రిలో ఉంటాం. మరి ఎక్కడ తేడా వచ్చింది? మీ సంఘాల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

మూడోవరుస
మీ ఆఖరి పేరాలోనే జవాబుంది బ్రదర్. వంతులేసుకుని ఆసుపత్రిలో ఉండేంత దగ్గరితనం ఉంది కదా, అది మీ నలభై అయిదు మందికీ ఇల్లు, కొత్తవాళ్లకు గోడ. ఆరాధన అయ్యాక పదిహేను నిమిషాలు ఓ పక్కన నిలబడి చూడండి. ఎవరి గుంపు వాళ్లది, అందరూ వీపులు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడి ఉంటారు. కొత్తవాళ్లు గోడ మీద రాసిన వాక్యాన్ని నాలుగోసారి చదువుతూ ఉంటారు.

తబితా_కుట్టు
ఆ గోడ మీద వాక్యం నేనూ చదివాను అన్నా. ఇప్పటికీ కంఠతా వచ్చు 😀

ఆరాధనేముఖ్యం
నేను ఒప్పుకోను. సంఘానికి వచ్చేది దేవుని కోసం, మనుషులు పట్టించుకుంటారని కాదు. వాక్యం బాగుంటే, ఆరాధనలో నిజం ఉంటే ఎవరు పలకరించకపోయినా నిలబడతారు. మూడు వారాలకే మనసు నొచ్చుకుని వెళ్లిపోతే తప్పంతా సంఘానిదేనా?

గడపదగ్గర
@ఆరాధనేముఖ్యం, అపొస్తలుల కార్యములు 2:42 ఒకసారి చూడండి. మొదటి సంఘం ఎడతెగక చేసినవి నాలుగు: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. సహవాసం రెండోది. అది ఆరాధన అయ్యాక మిగిలిన టైమ్‌లో చేసుకునే పని అయితే ఆ వరుసలో రాసేవాళ్లు కాదు. అక్కడి గ్రీకు మాట కొయినోనియా, పంచుకోవడం, పాలుపొందడం అనే అర్థంలో వాడతారు. పక్కపక్కన కూర్చుని ఒకే పాట పాడినంత మాత్రాన అది అయిపోదు.

ఆరాధనేముఖ్యం
వాక్యం ప్రకారం మీరన్నది సరే. కానీ నేను చూసిన ఒకచోట సహవాసం పేరుతో కబుర్లే మిగిలాయి, ప్రార్థన తగ్గిపోయింది. ఆ భయంతో అన్నాను.

కొత్తకీర్తన
ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇది నా కథే కాబట్టి రాస్తున్నా.

ఉద్యోగం మారి కొత్తచోటికి వెళ్లాక ఏడాదిలో ఆరు సంఘాలకు వెళ్లాను. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లని. ఒకచోట ఆరాధన మధ్యలో "కొత్తగా వచ్చినవాళ్లు నిలబడండి" అన్నారు. నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత గంటసేపు ఏ వాక్యం చెప్పారో నాకు గుర్తులేదు, కాళ్లలో వణుకే గుర్తుంది. ఆరాధన అయ్యాక చప్పట్లు కొట్టిన వాళ్లలో ఒక్కరూ దగ్గరికి రాలేదు. ఇంకోచోట ఫారం ఇచ్చి పేరు, ఫోన్ నంబరు రాయమన్నారు. ఆ వారమంతా ఫోన్‌కు మెసేజ్‌లు వచ్చాయి, మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు.

ఆరోది చాలా చిన్న సంఘం, ముప్ఫై మంది ఉంటారేమో. పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. పేరు అడిగారు, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు. అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉందని మాటల్లో చెప్పాను. అంతే, అంతకుమించి ఏమీ లేదు. రెండో వారం వెళ్లడానికి పెద్దగా ఇష్టం లేకుండానే వెళ్లాను. గుమ్మంలోనే ఆవిడ నన్ను పేరుపెట్టి పిలిచి, "అమ్మ ఆపరేషన్ ఎలా జరిగిందమ్మా? బుధవారం అన్నావు కదా" అన్నారు.

అక్కడే ఏడ్చేశాను. తర్వాత తెలిసింది, ఆవిడకు జ్ఞాపకశక్తి తక్కువట. అందుకే పాటల పుస్తకం ఆఖరి పేజీలో పెన్సిల్‌తో పేర్లు రాసుకుంటారు. నా పేరు, పక్కన "అమ్మ మోకాలు, బుధ". ఆ పేజీ నేను చూశాను. ఇప్పుడు ఆ సంఘంలో నాకు నాలుగో సంవత్సరం.

తబితా_కుట్టు
పెన్సిల్ ఎక్కడుందో వెతుకుతున్నా. నిజంగా.

చిన్నమంద
@కొత్తకీర్తన, మీ పోస్ట్ మా ఆవిడకు చదివి వినిపించాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ ఎనిమిదేళ్ల పాప పేరు మాకిద్దరికీ గుర్తులేదు. మూడు వారాలు మా అబ్బాయి వెనక వరుసలోనే కూర్చుంది.

సండేస్కూల్_అక్క
పిల్లల సంగతి మీరే తెచ్చారు కాబట్టి చెబుతాను. కుటుంబం నిలుస్తుందా లేదా అన్నది సగం వాళ్ల పిల్లలు ఇంటికెళ్లేటప్పుడు ఏమంటారన్నదాని మీద ఉంటుంది. మా క్లాసులో కొత్త పాప రాగానే ఆ వయసు పాప ఒకరికి అప్పజెబుతాను. "ఈరోజు నీ పక్కనే కూర్చోబెట్టుకో, బయటికి వెళ్లేటప్పుడు నువ్వే చెయ్యి పట్టుకో" అంతే. పిల్లలు ఆ పనిని పెద్దల కంటే శ్రద్ధగా చేస్తారు. ఒకసారి ఏడేళ్ల పిల్ల నాతో అంది, "టీచర్, తను వచ్చే వారం కూడా నా బాధ్యతేనా?"

పాస్టరుగారబ్బాయి
ఒక్క మాట. మా నాన్నగారు పాస్టర్. కొత్తవాళ్లను చూసుకోవడం పాస్టర్‌గారి పని, పాస్టరమ్మగారి పని అని అందరూ అనుకుంటారు. మా అమ్మ ఇరవై ఏళ్లు అది ఒంటరిగా చేసింది. ఆదివారం సాయంత్రానికి మాటరాక కూర్చుండిపోయేది. పైగా పాస్టర్ పలకరిస్తే కొత్తవాళ్లు అది ఆయన ఉద్యోగం అనుకుంటారు. మామూలు మనిషి వచ్చి పక్కన కూర్చుంటేనే లెక్క.

లూదియా_ఇల్లు
అవును. పైగా ఇది ఆదివారం గుమ్మంలో తెమిలే పని కాదు. లూదియను చూడండి (అపొ. కార్యములు 16). బాప్తిస్మం అవ్వగానే పౌలు వాళ్లను ఇంటికి రమ్మని బలవంతం చేసింది. సంఘానికి కొత్తగా వచ్చినది తనే, ఇంటి తలుపు తీసిందీ తనే. మేం ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం ఒక కుటుంబాన్ని ఇంటికి పిలుస్తాం. ఇల్లు సర్దను, ప్రత్యేకంగా ఏమీ వండను. మేం తినేదే వాళ్లకూ. ఇల్లు అద్దంలా ఉంచాకే పిలుద్దామనుకుంటే పదేళ్లయినా ఎవరినీ పిలవలేం.

ఎజ్రా_పాతకాగితాలు
చరిత్ర ఇష్టం ఉన్నవాళ్ల కోసం. యూఫ్రటీసు ఒడ్డున, ఇప్పటి సిరియాలో, దూరా యూరోపోస్ అనే చోట తవ్వకాల్లో ఒక ఇల్లు బయటపడింది. క్రీ.శ. 240ల్లో దాన్ని సంఘం కూడుకోవడానికి మార్చుకున్నారు. రెండు గదుల మధ్య గోడ పడగొట్టి ఒకే పెద్ద గది చేశారు. ఇంకో గదిని బాప్తిస్మానికి సిద్ధం చేశారు. బయటినుంచి చూస్తే మామూలు ఇల్లే. అంటే కొత్తగా వచ్చిన మనిషి ఒక ఇంటి గడపే దాటి లోపలికి వచ్చేవాడు. @లూదియా_ఇల్లు గారు చేస్తున్నది అంత పాతది.

ఇంకొకటి. క్రీ.శ. 155 ప్రాంతంలో యుస్తీను అనే క్రైస్తవ రచయిత రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారం కూడికలో ఏం జరుగుతుందో వివరించాడు. అక్కడ పోగైన కానుక ఎవరికి వెళ్తుందో కూడా చెప్పాడు: అనాథలు, విధవరాళ్లు, రోగులు, చెరలో ఉన్నవాళ్లు, తమ మధ్య బస చేస్తున్న పరదేశులు. పరాయివాళ్ల సంగతి కానుక లెక్కలోనే ఉంది.

లెక్కలపెద్ద
చదువుతుంటే బాగుంది కానీ, రెండోవైపు కూడా చెప్పాలి. నేను మా సంఘంలో లెక్కలు చూస్తాను. మూడేళ్ల క్రితం ఒకతను వచ్చాడు. సాక్ష్యం చెప్పాడు, అందరం కన్నీళ్లు పెట్టుకున్నాం. నెల తిరిగేసరికి నాలుగు కుటుంబాల దగ్గర అప్పు తీసుకున్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర. తర్వాత ఫోన్ స్విచాఫ్. అందులో ఒక కుటుంబం ఇప్పటికీ కోలుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కొత్తమనిషినీ అనుమానంగానే చూశాం. తలుపు తీయమనడం తేలిక, తర్వాత ఏడ్చేవాళ్లను ఓదార్చేది కూడా మేమే.

మూడోవరుస
@లెక్కలపెద్ద, మీ బాధ నిజమైనది. కానీ ఆ ఒక్కడు చేసినదానికి తర్వాత వచ్చినవాళ్లంతా శిక్ష అనుభవించాలా?

లెక్కలపెద్ద
వద్దనే నా మనసు కూడా. ఎలాగో తెలియకే రాశాను.

ఎజ్రా_పాతకాగితాలు
ఈ చిక్కు మొదటి సంఘాలకే వచ్చింది. దిదాఖే అని చాలా పాత క్రైస్తవ బోధ ఒకటి ఉంది, ఎక్కువమంది పండితులు మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో పెడతారు. అందులో 11, 12 అధ్యాయాలు ఇదే విషయం. ప్రభువు పేరట వచ్చే ప్రతివాణ్ణీ చేర్చుకోండి, తర్వాత పరీక్షించి తెలుసుకోండి అంటుంది. దారినపోయేవాడైతే చేతనైనంత సాయం చేయండి, కానీ రెండు మూడు రోజులకు మించి ఉండకూడదు. స్థిరపడాలనుకుంటే పనిచేసుకుని బతకాలి. ప్రవక్తనని చెప్పుకుంటూ డబ్బు అడిగితే వాడు అబద్ధ ప్రవక్త. వరుస గమనించండి: ముందు చేర్చుకోవడం, ఆ తర్వాతే పరీక్ష. మనం పరీక్ష అయ్యేదాకా చేర్చుకోవడం ఆపేస్తున్నాం.

కాపలావదిన
మా సంఘంలో మూడు నియమాలు పెట్టుకున్నాం, ఎవరూ నొచ్చుకోలేదు. డబ్బు సాయం ఏదైనా పెద్దల ద్వారానే, ఒక్కో ఇంటి నుంచి విడిగా కాదు. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుంటారు, పాతవాళ్లయినా కొత్తవాళ్లయినా. పిల్లల క్లాసు బాధ్యత ఏడాది గడవకుండా ఎవరికీ ఇవ్వం. అందరికీ ఒకే నియమం కాబట్టి కొత్తవాళ్లకు అవమానంగా ఉండదు. నియమం ఉంది కాబట్టే మనస్ఫూర్తిగా నవ్వగలుగుతున్నాం. లేకపోతే నవ్వుతూనే లోపల లెక్కలు వేసుకుంటాం.

లెక్కలపెద్ద
వదినా, మొదటిది మాకు అప్పుడే ఉండి ఉంటే నాలుగు ఇళ్లు మునిగేవి కావు. ఈ వారం పెద్దల కూడికలో పెడతాను.

గడపదగ్గర
తెలుగు బైబిల్లో ఒక మాట ఎప్పుడూ నన్ను ఆపేస్తుంది. మత్తయి 25లో ప్రభువు "పరదేశినైయుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అంటాడు. పలకరించితిరి అనలేదు. చేర్చుకోవడం అంటే పక్కకు జరిగి చోటివ్వడం. రోమా 15:7లోనూ అదే మాట, క్రీస్తు మనల్ని చేర్చుకున్నట్టే మనమూ ఒకరినొకరు చేర్చుకోవాలని. హెబ్రీ 13:2లో ఆతిథ్యం అని మనం చదివే చోట గ్రీకులో ఫిలోక్సేనియా, పరాయివాడి మీద ప్రేమ అని. మన స్నేహితులకు పెట్టే భోజనానికి ఆ మాట సరిపోదు.

తోముకునేవాడు
చేర్చుకోవడం అంటే నాకు తెలిసింది పని చెప్పడం. నేను కొత్తగా వెళ్లిన సంఘంలో రెండో వారమే ఒకాయన "తమ్ముడూ, ఆ కుర్చీలు ఓ చెయ్యి వేస్తావా" అన్నారు. అప్పటిదాకా అతిథిని. కుర్చీలు పేర్చుతూ నలుగురితో మాట్లాడాను, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. అతిథిగా ఉంచితే అతిథిగానే వెళ్లిపోతారు.

సోలో_గిటార్
జాగ్రత్త బ్రదర్. నాకు వాయించడం వచ్చని తెలియగానే రెండో వారానికే పాటల బాధ్యత మొత్తం ఇచ్చేశారు. ఆరు నెలలు ఒక్క ఆదివారం కూడా కూర్చుని వాక్యం వినలేదు. నాన్నగారు పోయిన వారం కూడా "ఆదివారం వస్తావు కదా, వాయించేవాళ్లు లేరు" అనే అడిగారు. ఎలా ఉన్నావని అడగలేదు. మానేశాను. మళ్లీ సంఘంలో అడుగుపెట్టడానికి రెండేళ్లు పట్టింది.

తోముకునేవాడు
అలా జరగకూడదు అన్నా. చాలా బాధేసింది. కుర్చీలు వేరు, బాధ్యత వేరు. మీరు చెప్పాక తేడా తెలుస్తోంది: నాకు పని ఇచ్చినాయన నా కోసం ఇచ్చారు. మీకు ఇచ్చినవాళ్లు వాళ్ల ఖాళీ నింపుకోవడానికి ఇచ్చారు.

వెనకబెంచి
కొందరికి మొదట్లో ఎవరూ ఏమీ అడగకపోవడమే కావాలి. నేను విడాకుల తర్వాత వెళ్లాను. "మీవారు రాలేదా?" అని నలుగురు అడిగారు. ప్రేమతోనే అడిగారు. ప్రతిసారీ ఒక అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఐదో మనిషి ఏమీ అడగకుండా బైబిల్లో పేజీ తీసి పక్కకు జరిపింది. ఇప్పుడు ఆమే నా స్నేహితురాలు. కుటుంబం గురించి అడగొద్దని కాదు, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి.

కొత్తకీర్తన
@వెనకబెంచి అక్కా, నాకు అడిగినందుకు ప్రాణం లేచి వచ్చింది, మీకు అడగనందుకు. పేరు మాత్రం అడగొచ్చేమో, మిగతాది మనిషిని బట్టి.

మూడోవరుస
ఇంకో చిన్న విషయం, ప్రకటనలు. "బుధవారం కూడిక అన్నయ్యగారింట్లో, మామూలు టైమే." ఏ అన్నయ్య? ఏది మామూలు? మా దగ్గర అన్నయ్యలు పదకొండు మంది ఉన్నారు 😀 ఇల్లు, సమయం, ఎవరిని అడగాలో అన్నీ చెప్పడం మొదలుపెట్టాక బుధవారం ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. అంతకుముందు రావాలనే ఉందట, ఎక్కడో తెలియలేదట.

పాతచెప్పులు
యాకోబు 2 ఎవరూ ఎత్తలేదు. బంగారపు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి "అక్కడ నిలువుము". నేను పనిలోంచి నేరుగా వెళ్లిన ఆదివారం, కారులో వచ్చిన కొత్తవాళ్లకు ముగ్గురు ఎదురెళ్లారు. నన్ను ఎవరూ ఆపలేదు, ఎవరూ రమ్మననూ లేదు. పలకరించే పద్ధతి మార్చే ముందు ఎవరివైపు మన కాళ్లు వాటంతటవే నడుస్తున్నాయో చూసుకోండి.

చిన్నమంద
@పాతచెప్పులు, ఈ మాట మా సంఘానికీ తగులుతుంది. కాదనను.

ఆరాధనేముఖ్యం
ఇదంతా చదివాక రాస్తున్నా. @వెనకబెంచి గారి పేజీ సంగతి చదివి ఆగిపోయాను. పేజీ తీసి జరపడం ఆరాధన మధ్యలోనే కదా జరిగింది. నేను రెండింటినీ విడదీసి మాట్లాడాను. బెనెడిక్టు మఠాల నియమావళిలో (ఆరో శతాబ్దం) 53వ అధ్యాయం అతిథుల గురించే, వచ్చే ప్రతి అతిథినీ క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోవాలని. ప్రార్థన కోసమే బతికినవాళ్లు అలా రాసుకున్నారు. పేదల విషయంలో, పరదేశుల విషయంలో ఇంకా ఎక్కువ శ్రద్ధ తీసుకోమని కూడా అందులోనే ఉంది. నా మొదటి పోస్ట్‌లో "తప్పంతా సంఘానిదేనా" అన్నది వెనక్కి తీసుకుంటున్నా.

గడపదగ్గర
66వ అధ్యాయం కూడా చూడండి. తలుపు దగ్గర ఉండాల్సింది తెలివైన వృద్ధుడట, అటూ ఇటూ తిరగని వయసువాడు. ఎవరైనా తట్టగానే "దేవునికి స్తోత్రం" అనాలట. మన దగ్గరేమో ఎవరూ లేకపోతే పదమూడేళ్ల కుర్రాడిని గుమ్మంలో నిలబెడతాం.

పాటలపుస్తకం
నేను వినికిడి తక్కువవాణ్ణి. ఎవరైనా వచ్చి "ముందుకి రండి, ఈ పక్కన బాగా వినిపిస్తుంది" అంటే నాకు అంతకు మించిన స్వాగతం లేదు. మెట్లు, వెలుతురు, కూర్చునే చోటు కూడా చూడండి.

సండేస్కూల్_అక్క
@చిన్నమంద, ఆ కుటుంబాన్ని మళ్లీ కలిశారా?

చిన్నమంద
నిన్న సాయంత్రం ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. సంఘానికి రమ్మని అడగడానికి కాదని ముందే చెప్పాను. "మూడోసారి అడిగింది నేనే, క్షమించండి" అన్నాను. ఆయన ఇబ్బందిపడి "అయ్యో, అంత మాటెందుకండీ" అన్నారు. వాళ్లు ఇప్పుడు వేరే సంఘానికి వెళ్తున్నారు. అక్కడ పాపకు స్నేహితులు దొరికారట. వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగోలేదని మాటల్లో తెలిసింది, మేం అక్కడే ప్రార్థన చేశాం. లేచేటప్పుడు పాపను పేరుపెట్టి పిలిచాను. ఆ పేరు ఈసారి రాసుకున్నాను, ఆఖరి పేజీలో, పెన్సిల్‌తోనే.

వాళ్లు తిరిగి రారు. అది తెలిసి వచ్చాక ఇంటికి నడిచి వస్తుంటే మా ఆవిడ అంది, మన వరుసలో మనం నలుగురం ఎప్పుడూ ఒకే చోట కూర్చుంటాం కదా అని. ఈ ఆదివారం నుంచి నేను, అబ్బాయి వెనక వరుసలో, తను, అమ్మ తలుపు పక్కన.

తబితా_కుట్టు
మీ వాళ్లు ఆశ్చర్యపోతారు, మీరిద్దరూ గొడవపడ్డారేమో అనుకుంటారు 😀

చిన్నమంద
అనుకోనివ్వండి అక్కా. ఎవరైనా అడిగితే వాళ్లనూ చెరోచోట కూర్చోమంటాను.

లెక్కలపెద్ద
పెద్దల కూడిక అయింది. డబ్బు సాయం నియమం ఒప్పుకున్నారు. ఇంకో సంగతి, మూడు వారాలుగా వెనక ఒక కుర్రాడు వచ్చి వెళ్తున్నాడు, నాతో సహా ఎవరం దగ్గరికి వెళ్లలేదు. ఈ వారం వెళ్తున్నా. మొదట ఏం అడగాలో ఎవరైనా చెప్పండి, "ఎక్కడి నుంచి వచ్చావు" తప్ప.

వెనకబెంచి
ఏమీ అడగకండి బ్రదర్. మీ పేరు చెప్పి పక్కన కూర్చోండి.